ద్వారబంధంపై పెన్సిలు గీతలు

టౌన్‌షిప్ క్వార్టర్లలో పిల్లలను పెంచినవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. పడకగది ద్వారబంధానికి పిల్లవాణ్ణి వీపు ఆనించి నిలబెట్టి, తలమీద స్కేలు అడ్డంగా ఉంచి, పెన్సిలుతో గీత గీసి, ప్రక్కన తేదీ వేయటం. మా ఇంట్లో ప్రతి పుట్టినరోజునా ఈ తతంగం జరిగేది. ఎడమవైపు అమ్మాయి గీతలు, కుడివైపు అబ్బాయి గీతలు. 1992లో మొదలైన ఆ వరుసలు 2011 వరకు సాగాయి. అన్నేళ్ళూ మేము ఆ గీతలు గీశామే గాని, అవి చెబుతున్న సంగతిని సకాలంలో చదువుకోలేకపోయాము. ఇద్దరు పిల్లల విషయంలోనూ పొరపాటు పడ్డాము. అమ్మాయి విషయంలో ఆలస్యం చేశాము. అబ్బాయి విషయంలో తొందరపడ్డాము. ఎదిగే వయస్సు పిల్లలున్న సహోద్యోగుల కుటుంబాలకు పనికివస్తుందనే ఉద్దేశంతో ఆ సంగతి ఇక్కడ వ్రాస్తున్నాము.

ఇటువంటి గీతలకు శాస్త్ర చరిత్రలో గౌరవప్రదమైన స్థానమే ఉన్నది. ఫ్రాన్సు దేశంలో గెనో ద మాంబెయార్ అనే ఆయన 1759లో పుట్టిన తన కుమారుని ఎత్తును సుమారు ఆరు నెలలకొకసారి కొలుస్తూ, పద్దెనిమిదేళ్ళ వయస్సు వచ్చేవరకు, అంటే 1777 దాకా, వ్రాసి ఉంచాడు. ఆయన మిత్రుడైన ప్రకృతి శాస్త్రజ్ఞుడు బ్యూఫాన్ ఆ అంకెలను తన గ్రంథంలో ప్రచురించాడు. ఒకే బిడ్డను పుట్టుక నుంచి యౌవనం వరకు వరుసగా కొలిచిన రికార్డులలో మొదటిదిగా శాస్త్రజ్ఞులు దీనినే పేర్కొంటారు. 1927లో స్కామన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఆ పాత ఫ్రెంచి కొలతలను మెట్రిక్ కొలతలలోకి మార్చి గ్రాఫు గీశాడు. ఆ అబ్బాయి ఎంత ఎత్తున్నాడన్నది కాక, ఏ ఏడాదికి ఎంత పెరిగాడన్నది చూస్తే అసలు కథ తెలుస్తుంది. పుట్టిన తరువాత నిటారుగా దిగే వాలు, ఆపై ఏళ్ళ తరబడి చదునైన నేల, పద్నాలుగో ఏటి దరిదాపుల్లో హఠాత్తుగా ఒక కొండ, ఆ కొండ దిగితే సున్న. రెండున్నర శతాబ్దాల తరువాత కూడా ప్రతి ఇంటి పిల్లవాని గ్రాఫుకూ ఇదే ఆకారం. కొండ ఎక్కడ వస్తుందన్నదే తేడా.

పుట్టినప్పుడు శిశువు పొడవు దాదాపు 50 సెంటీమీటర్లు. మొదటి ఏడాదిలోనే మరో 25 సెంటీమీటర్లు చేరుతాయి. రెండో ఏట పది పన్నెండు. నాలుగో ఏటి తరువాత ఏడాదికి అయిదారు సెంటీమీటర్ల దగ్గర వేగం నిలకడపడుతుంది. బరువు అయిదో నెలకు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు. శైశవ బాల్యాల గురించి ఇంతకంటే చెప్పనక్కరలేదు. టీకాల కార్డు చేతికందిన నాటినుంచీ ఈ విషయాలు తల్లులకు కంఠస్థమే. బిడ్డ బోర్లా పడిందా, పారాడిందా, అడుగు వేసిందా అని ఇరుగుపొరుగంతా లెక్క పెడతారు. బోర్లా పడితే బొబ్బట్లు పంచే మనము, పదేళ్ళు దాటిన బిడ్డలో జరిగే మార్పుల విషయానికి వచ్చేసరికి నోరు మెదపము.

శరీరంలోని భాగాలన్నీ ఒకే టైంటేబులు ప్రకారం ఎదగవు. ఆరేళ్ళు నిండేసరికి మెదడు పరిమాణంలో పెద్దవారి మెదడుకు దాదాపు తొంభై శాతం అయిపోతుంది. పునరుత్పత్తి అవయవాలు మాత్రం పదేళ్ళు వచ్చినా పసితనంలోనే ఉంటాయి. వాటిని మేల్కొలిపే కేంద్రం మెదడు అడుగుభాగాన ఉన్న హైపోథాలమస్. అక్కడినుంచి ఒక హార్మోను ధారగా కాక, గంటకో రెండు గంటలకో ఒకసారి విడతలు విడతలుగా వెలువడి పిట్యూటరీ గ్రంథిని తట్టుతుంది. పిట్యూటరీ ఆడపిల్లలలో అండాశయాలకు, మగపిల్లలలో వృషణాలకు ఆదేశం పంపుతుంది. చిత్రమేమంటే ఈ యంత్రాంగం పుట్టిన తొలి నెలల్లో ఒకసారి పనిచేసి, మళ్ళీ కొన్నేళ్ళపాటు నిద్రలోకి జారుకొంటుంది. తిరిగి మేల్కొన్నప్పుడు మొదట రాత్రి నిద్ర వేళల్లోనే పని మొదలుపెడుతుంది. పగటిపూట తరువాత అందుకొంటుంది. మన భాషలో చెప్పాలంటే, ముందు నైట్ షిఫ్టు, ఆ పైన జనరల్ షిఫ్టు.

ఈ మేల్కొలుపులో ముఖ్యపాత్ర వహించే పదార్థం పేరు కిస్‌పెప్టిన్. దాని జన్యువును 1996లో అమెరికాలోని హెర్షీ పట్టణంలో గుర్తించారు. ఆ ఊరు 'కిసెస్' అనే చాక్లెట్లకు ప్రసిద్ధి. పేరు అలా వచ్చింది. దీని సంకేతాన్ని అందుకొనే ఏర్పాటు లోపించినవారిలో యౌవనం తనంత తాను రాదని 2003లో తేలింది.

మేల్కొనే సమయం ఆడపిల్లలలో ఎనిమిది నుంచి పదమూడేళ్ళ మధ్య, మగపిల్లలలో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య ఎప్పుడైనా కావచ్చు. ఈ అయిదేళ్ళ విస్తృతిని తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. ఒకే బెంచీమీద కూర్చున్న ఇద్దరు పన్నెండేళ్ళ పిల్లలలో ఒకరు పెద్దమనిషిలా, మరొకరు మూడో తరగతి పిల్లలా కనిపించవచ్చు. ఇద్దరూ ఆరోగ్యవంతులే. బ్రిటిష్ వైద్యుడు జేమ్స్ టానర్ హార్పెండెన్‌లోని ఒక బాలల గృహంలో పిల్లలను ఏళ్ళ తరబడి పరిశీలించి, యౌవన పరిణామాన్ని అయిదు దశలుగా వివరించాడు. బాలికలకు సంబంధించిన వివరాలు 1969లో, బాలురకు సంబంధించినవి 1970లో వెలువడినాయి. నేటికీ వైద్యులు కేసు షీటులో 'టానర్ స్టేజి' అని వ్రాస్తారు. మార్పుల వరుస దాదాపు అందరికీ ఒకటేనని, వేళ మాత్రం ఎవరిది వారిదని ఆయన కొలతలు చూపినాయి.

అమ్మాయి గీతలు

మా అమ్మాయి 1989లో పుట్టింది. ఎనిమిదేళ్ళు దాటిన కొద్ది నెలలకు ఛాతీ ఒక ప్రక్క చిన్న గడ్డలా తగులుతున్నదని, నొప్పిగా ఉన్నదని చెప్పింది. మేము హడలిపోయాము. స్తనాల ఎదుగుదల చాలామందిలో ఒక వైపే మొదలై, కొన్ని నెలలకు రెండో వైపు అందుకొంటుందని డాక్టరుగారు చెప్పేవరకు మాకు తెలియదు. ఆడపిల్లలలో యౌవనానికి తొలి సూచన ఇదే. మాకు తెలియవలసిన మరో సంగతి ద్వారబంధం మీదే ఉన్నది. తొమ్మిదో పుట్టినరోజుకు, పదో పుట్టినరోజుకు మధ్య ఆమె గీత 8 సెంటీమీటర్లు పైకి పోయింది. "మా అమ్మాయి తాడిలా పెరుగుతున్నది" అని మురిసిపోయాము. జూన్‌లో కొన్న స్కూలు బూట్లు దసరాకు పట్టలేదు. ఎదుగుదల ముందు పాదాలలో, చేతులలో మొదలై, తరువాత కాళ్ళకు, చివర మొండేనికి వస్తుంది. ఇరుకైన బూట్లు కూడా ఒక ముందస్తు కబురే.

స్తనాల ఎదుగుదల మొదలైన రెండు, రెండున్నర ఏళ్ళకు మొదటి ఋతుస్రావం వస్తుంది. ఎత్తు పెరిగే వేగం శిఖరాన్ని దాటి తగ్గుముఖం పట్టిన తరువాతనే అది రావటం నియమం. అంటే ఆ 8 సెంటీమీటర్ల గీత చూసిన రోజునే, ఇక ఏడాది వ్యవధి ఉన్నదని మాకు తెలియవలసింది. "ఎనిమిదో తరగతికి వచ్చాక చెబుదాములే" అనుకొన్నాము. అది అయిదో తరగతిలోనే, 2000 సంవత్సరం ఫిబ్రవరిలో వచ్చింది. పదిన్నరేళ్ళ పిల్ల తనకు లోపల ఏదో పుండు పడిందనుకొని, రెండు రోజులు లంగా ఉతుక్కొంటూ, మంచం క్రింద దాచుకొంటూ, ఎవరికీ చెప్పకుండా బడికి వెళ్ళివచ్చింది. చివరకు జ్వరం తగిలిన పిల్లలా మూలన కూర్చొంటే గాని మాకు తెలియలేదు. "నేను చచ్చిపోతానామ్మా?" అని ఆమె అడిగిన ప్రశ్న మాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది.

ఆ తరువాత ఊరినుంచి నాయనమ్మ వచ్చింది. చాప వచ్చింది, చలిమిడి వచ్చింది, చిమ్మిలి ఉండలు వచ్చాయి. రెండు గదుల క్వార్టరులో వేరుగా కూర్చోబెట్టే చోటు లేక, పిల్లను వెనుక బాల్కనీలో కూర్చోబెట్టాము. ఆవకాయ జాడీ ముట్టుకోవద్దన్నాము. సైకిలు ఎక్కవద్దన్నాము. బంధుమిత్రులకు భోజనాలు పెట్టి, తాను ఎవరికీ చెప్పుకోలేకపోయిన సంగతిని మేము ఊరంతటికీ చెప్పాము.

ఆచారాన్ని మొత్తంగా కొట్టిపారవేయటం మా ఉద్దేశం కాదు. నువ్వులు, బెల్లం, మినుములు, నెయ్యి పెట్టి బిడ్డను బలంగా ఉంచాలన్న పెద్దల తలంపు మంచిదే. తప్పు పట్టవలసింది బాల్కనీని. ముట్టు రక్తం మైల కాదు. గర్భాశయంలో ఆ నెలకు సిద్ధమైన పొర అవసరం లేక విడివడి బయటకు రావటమే ఆ స్రావం. ఆ రోజుల్లో స్నానం చేయవచ్చు, ఆడుకోవచ్చు, వంటింట్లోకి రావచ్చు, జాడీలో చెయ్యి పెట్టవచ్చు. పచ్చడి పాడయ్యేది తడి గరిటెవల్ల. మొదటి ఏడాది, రెండేళ్ళు నెలసరి క్రమం తప్పటం సహజం, ఎందుకంటే అండం విడుదల కావటం ఇంకా స్థిరపడదు. అయితే వారం దాటి స్రావం సాగినా, గంటకొక ప్యాడు తడిసిపోతున్నా వైద్యునికి చూపించాలి.

ఈ వయస్సులో ఆడపిల్లలకు చాటుగా వచ్చే శత్రువు రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ బాలికలలో 59 శాతం మంది, అదే వయస్సు బాలురలో 31 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఎదుగుదలకు ఒకవైపు, నెలనెలా పోయే రక్తానికి మరోవైపు ఇనుము ఖర్చవుతుంది. బడులలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు మాత్రను పిల్లలు పారవేయకుండా చూడండి. భోజనమైన వెంటనే టీ ఇవ్వటం మానండి. టీ ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మ, జామ, ఉసిరి దానిని పట్టిస్తాయి.

"మా రోజుల్లో పదిహేనేళ్ళకు గాని కాలేదు, ఇప్పుడు పదికే ఏమిటి?" అని నాయనమ్మలు ఆశ్చర్యపడుతుంటారు. ఇది మన ఒక్క చోటి మార్పు కాదు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఉత్తర ఐరోపాలో బాలికలు పదహారు పదిహేడేళ్ళకు రజస్వలలయ్యేవారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు అది పదమూడుకు దిగింది. ఆకలి, అంటురోగాలు తగ్గిన చోటల్లా యౌవనం ముందుకు జరిగింది. మన ఇళ్ళలో దీనికి బ్రాయిలర్ కోడిని నిందించటం పరిపాటి. ఆ కోడి త్వరగా పెరగటానికి కారణం జాతి ఎంపిక, దాణా. హార్మోన్ల ఇంజెక్షన్లు కావు. చిన్నతనంలో స్థూలకాయానికీ, ఆడపిల్లలు త్వరగా ఎదగటానికీ సంబంధం ఉన్నమాట మాత్రం నిజం.

త్వరగా ఎదిగిన పిల్లకు ఒక చిక్కు ఉన్నది. ఒడ్డూ పొడుగూ చూసి అందరూ పెద్దదానిలా మాట్లాడతారు, పెద్దదానిలా చూస్తారు. లోపల ఉన్నది అయిదో తరగతి మనస్సే. ఎవరి తాకిడి సరైనది, ఎవరిది కాదు అన్నది, ఏం జరిగినా ఇంట్లో చెప్పుకోవచ్చునన్నది ఆమెకు ముందే తెలియాలి. 2012లో వచ్చిన పోక్సో చట్టం దృష్టిలో పద్దెనిమిదేళ్ళ లోపు వారందరూ పిల్లలే, ఎంత ఎదిగినట్లు కనిపించినా సరే.

అబ్బాయి గీతలు

అబ్బాయి ఆమెకంటే రెండేళ్ళు చిన్న. పదో ఏటి నుంచి పద్నాలుగో ఏటి వరకు అతని గీతలు రూళ్ళ కాగితంలా సమదూరంలో ఉన్నాయి. ఏటా అయిదేసి సెంటీమీటర్లు. 2005లో, పద్నాలుగేళ్ళకు, 146 సెంటీమీటర్లు. తరగతి ఫోటోలో ముందు వరుసలో అమ్మాయిల ప్రక్కన నిలబెట్టారని ఆ ఫోటో ఇంటికి తేలేదు. వాలీబాల్ మైదానానికి వెళ్ళటం మానేశాడు. మేము ఊరుకొన్నామా? ప్రకటన చూసి వి.పి.పి.లో ఎత్తు పెంచే పొడి తెప్పించాము. తలుపు పైన ఇనుప కడ్డీ బిగించి వ్రేలాడమన్నాము. అన్నిటికంటే అన్యాయం, "మీ అక్క ఈ వయస్సుకి..." అని మొదలుపెట్టి మాట్లాడాము.

సెలవులకు వచ్చిన నాయనమ్మ ఒకనాడు పొడి డబ్బా చూసి నవ్వింది. "వీడి నాన్న మాత్రం? ఇంటర్ రెండో ఏడు దాకా నా భుజం దాటలేదు. ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు పాంట్లు కుట్టించాం. మర్చిపోయారా?" అన్నది. నిజంగానే మరచిపోయాము.

అబ్బాయిని పిల్లల వైద్యురాలికి చూపిస్తే, ఆమె ఎడమ మణికట్టుకు ఎక్స్-రే తీయించారు. వెల్డు జాయింట్లకు రేడియోగ్రఫీ చేసి లోపలి సంగతి తెలుసుకొనే మనకు, ఎముకల వయస్సును కూడా అలాగే చదవవచ్చునని తెలియకపోవటం విచిత్రమే. మణికట్టులోని చిన్న ఎముకలు ఒక క్రమంలో ఒక్కొక్కటిగా గట్టిపడి ఎక్స్-రేలో కనబడతాయి. పొడవాటి ఎముకల చివర్లలో పెరిగే పొర నల్లని గీతలా ఉండి, ఎదుగుదల ముగిసినప్పుడు పూడిపోతుంది. గ్రూలిక్, పైల్ అనే ఇద్దరు 1950లో ప్రచురించిన ఎక్స్-రే చిత్రాల పుస్తకంతో పోల్చి ఎముక వయస్సు చెబుతారు. మా అబ్బాయి కాలెండరు వయస్సు పద్నాలుగు. మణికట్టు వయస్సు పన్నెండు. "మీ వాడికి జబ్బు లేదు. వంశంలో ఉన్నట్లే కాస్త నిదానంగా నడిచే గడియారం. లోపల మార్పులు మొదలయ్యాయి కూడా. ఏడాదిన్నర ఓపిక పట్టండి" అన్నారామె. మగపిల్లలలో తొలి మార్పు వృషణాలు పెరగటం. అది ఇంట్లోవారి కంటబడదు కనుక, మగపిల్లలు ఆలస్యంగా మొదలుపెడతారన్న భ్రమ కలుగుతుంది. ఆడపిల్లలకు ఎదుగుదల శిఖరం సగటున పన్నెండో ఏట, మగపిల్లలకు పద్నాలుగో ఏట వస్తుంది. ఆ రెండేళ్ళ అదనపు బాల్యమే మగవారి ఎత్తులో చాలా భాగానికి కారణం.

ఎముకల చివరి పొరను మూసివేసేది మగపిల్లలలో కూడా స్త్రీ హార్మోను అనదగిన ఈస్ట్రోజెనే. 1994లో ఒక వైద్య పత్రికలో ఒక వింత కేసు వచ్చింది. ఈస్ట్రోజెన్‌కు స్పందించలేని శరీరమున్న 28 ఏళ్ళ యువకుడు 204 సెంటీమీటర్ల ఎత్తు ఉండి, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. అతని ఎముక వయస్సు పదిహేను. పొడులు, కడ్డీలు తాకని చోట ఈ తాళం ఉన్నది. బిడ్డ ఎత్తుకు ఒక ఉజ్జాయింపు లెక్క ఉన్నది: తల్లిదండ్రుల ఎత్తులు కలిపి, అబ్బాయికైతే 13 సెంటీమీటర్లు చేర్చి, అమ్మాయికైతే 13 తీసివేసి, సగం చేయాలి. దానికి కొద్ది సెంటీమీటర్లు అటూ ఇటూ.

మగపిల్లల విషయంలో మౌనం మరో విధంగా హాని చేస్తుంది. స్వరపేటిక పెరిగి గొంతు బొంగురుపోతుంది; నూనూగు మీసాలు, మొటిమలు వస్తాయి. చాలామందికి కొంతకాలం ఛాతీ కొద్దిగా ఉబ్బి, తానే తగ్గిపోతుంది. దానికి భయపడి చొక్కా విప్పని పిల్లలు ఎందరో. నిద్రలో వీర్యస్ఖలనం కావటం కూడా ఆడపిల్లల నెలసరి ఎంత సహజమో అంత సహజం. ఇంట్లో ఎవరూ చెప్పని ఆ సంగతిని రైలు పట్టాల ప్రక్క గోడల మీద వ్రాతలు చెబుతాయి. 'నలభై చుక్కల రక్తం ఒక చుక్క' అన్న అబద్ధం నమ్మి లాడ్జీ వైద్యులకు డబ్బు పోసే యువకులు తరతరాలుగా ఉన్నారు. ఈ భయంతో కృశించే స్థితికి మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో 'ధాత్ సిండ్రోమ్' అని పేరే పెట్టవలసివచ్చింది. అబ్బాయికి ఈ రెండు మాటలు తండ్రి చెప్పటం ఉత్తమం. ఎదురెదురుగా కూర్చొని చెప్పలేకపోతే స్కూటరు వెనుక కూర్చోబెట్టుకొని చెప్పండి, మొహాలు కనబడవు.

నిద్ర గురించి కూడా ఒక మాట. యౌవనారంభంలో నిద్ర తెప్పించే మెలటోనిన్ హార్మోను రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. బి షిఫ్టు ముగించుకొని పదకొండింటికి ఇల్లు చేరేసరికి మేలుకొని ఉండి, ఉదయం లేపినా లేవని పిల్లవాడు సోమరి కాదు. షిఫ్టు మారిన మొదటి రెండు రోజులు మన ఒంటికి ఎలా ఉంటుందో అతనికి రోజూ అలా ఉంటుంది. వారికి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. తెల్లవారుజామున అయిదింటికే స్టడీ అవర్లు పెట్టే కళాశాలలకు ఎదిగే పిల్లలను అప్పగించే ముందు తల్లిదండ్రులు ఆలోచించాలి.

ఓపిక పట్టాలన్నామని అన్నిటికీ ఓపిక పనికిరాదు. ఆడపిల్లకు ఎనిమిదేళ్ళలోపు, మగపిల్లవానికి తొమ్మిదేళ్ళలోపు మార్పులు కనబడితే వెంటనే చూపించాలి. అలాంటి పిల్లలు ముందు అందరికంటే పొడుగ్గా కనిపించి, ఎముకలు త్వరగా మూసుకొనిపోయి చివరకు పొట్టిగా మిగులుతారు. వేళకు వెళితే మందులున్నాయి. ఆడపిల్లకు పదమూడేళ్ళు వచ్చినా స్తనాల ఎదుగుదల లేకపోయినా, పదిహేనేళ్ళకు నెలసరి రాకపోయినా, మగపిల్లవానిలో పద్నాలుగేళ్ళకు ఏ మార్పూ మొదలుకాకపోయినా చూపించాలి. బాల్యంలో ఏడాదికి నాలుగు సెంటీమీటర్లయినా పెరగని బిడ్డనూ అంతే. అందుకే గీత గీయటం మానకండి. ఉదయం పూటే కొలవండి. సాయంత్రానికి మనిషి ఒక సెంటీమీటరు దాకా కుంగుతాడు.

మా అబ్బాయి పదిహేనో ఏట 152, పదహారో ఏట 161. ఆ ఒక్క ఏడాది తొమ్మిది సెంటీమీటర్లు. ఇరవయ్యో పుట్టినరోజుకు 172 దగ్గర ఆగాడు. అమ్మాయి 154 దగ్గర పదమూడో ఏటనే దాదాపు ఆగిపోయింది. ఇనుప కడ్డీకి మేము తువ్వాళ్ళు ఆరవేసుకొన్నాము.

పదవీ విరమణ తరువాత క్వార్టరు అప్పగించే ముందు, రంగులు వేసేవారు ద్వారబంధానికి గరుకు కాగితం పట్టేలోగా, ఆ రెండు వరుసలనూ తేదీలతో సహా పొడవాటి డ్రాయింగు కాగితం మీదికి ఎక్కించుకొన్నాము. పోయిన వేసవిలో అమ్మాయి ఆ కాగితం అడిగి తీసుకొన్నది. ఆమె కూతురికి ఏడేళ్ళు నిండాయి. వాళ్ళ ఫ్లాటులో తలుపులకు నున్నని పొర ఉన్నందున పెన్సిలు పడదట. బీరువా ప్రక్క గోడకు మా కాగితాన్నే అంటించి, మూడో వరుస మొదలుపెట్టింది. నెలసరి సంగతి కొంత చెప్పిందట. మిగతాది పిల్ల అడిగినప్పుడల్లా చెబుతున్నదట.